నా జిమ్మేదారి అన్న మనిషి

మంగళవారం పొద్దున ఆరున్నరకు శంషాబాద్ చౌరస్తాలో మా కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. సార్ ఇంటి నుంచి. ఆ వేళప్పుడు ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తే అది దేనికోసమో ఏడాదిగా తెలిసే ఉంది. అయినా ఎత్తడానికి చెయ్యి రాలేదు. రెండోసారి మోగాక ఎత్తాను.

"మీ సార్ పోయిండు బిడ్డా," అన్నది సార్ భార్య. గొంతులో ఏడుపు లేదు. "చాయ్ పెట్టి లేపిన. లేవలే. చెయ్యి పట్టుకుంటే సల్లగుంది."

బస్సు వచ్చి ఆగింది. తోటివాళ్ళంతా ఎక్కారు. డ్రైవర్ నన్ను చూసి హారన్ కొట్టాడు. పొమ్మని చెయ్యి ఊపి, రోడ్డు దాటి తొండుపల్లి వెళ్ళే ఆటో ఎక్కాను.

ఆయన మా కరాటే సార్. పేరున్న మనిషి కాదు. ఆయన పోయిన సంగతి ఏ పత్రికలోనూ రాలేదు, ఏ కూడలిలోనూ ఫ్లెక్సీ కట్టలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పెద్ద పతకాలు తెచ్చినవాళ్ళు లేరు. తేగలిగిన పిల్ల ఒకతె ఉండేది. ఆ పిల్ల గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. నా గురించి చెప్పకుండా ఆ పిల్ల గురించీ చెప్పలేను. ఆయనకు నేను చాలా ఆలస్యంగా చెప్పిన మాట ఒకటి ఉంది, చెప్పకుండానే మిగిలిపోయిన మాట ఇంకొకటి ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

సార్‌ది తొండుపల్లి. తాతల నాటి నుంచీ సేద్యం. పొలం విమానాశ్రయం కిందికి పోయాక, ఆ దిక్కునే ఒక సరుకుల గోదాములో సెక్యూరిటీ పనికి కుదిరారు. వయసులో ఉన్నప్పుడు రోజూ బస్సెక్కి పట్నం పోయి కరాటే నేర్చుకున్నారట. రాత్రి డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, ఐదున్నరకల్లా క్లాసుకు వచ్చేవారు. క్లాసంటే గది కాదు. హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్ ముందున్న గచ్చు. ముహూర్తాల రోజుల్లో షామియానాలు వేస్తే మేము పక్క గల్లీలోకి జరిగేవాళ్ళం.

పెండ్లి అయిన మరునాడు ఆ గచ్చు మీద తలంబ్రాల బియ్యం, ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సీసా ముక్కలు పడి ఉండేవి. మేము వచ్చేసరికి సార్ ఊడ్చేసి ఉండేవారు. ఊడ్చాక చెప్పులు విడిచి, ఆ జాగా అంతా ఒక మూల నుంచి ఇంకో మూలకు వట్టికాళ్ళతో నడిచేవారు. గుచ్చుకునేది ఏదైనా మిగిలి ఉంటే ముందు తన కాలికే గుచ్చుకోవాలని. ఒకసారి మడమలో గాజుముక్క దిగింది. చేతిరుమాలు బిగించి కట్టుకుంటూ, "మంచిదైంది, దొరికింది," అన్నారు. ఆ రోజు క్లాసంతా మునివేళ్ళ మీద నిలబడి చెప్పారు.

"నా ముంగట నిలబడ్డంత సేపు మీరు నా జిమ్మేదారి," అనేవారు. "మీ అమ్మానాయిన ఎట్ల అప్పజెప్పిండ్రో గట్లనే తిరిగి అప్పజెప్పాలె."

కొట్టడం కన్నా ఆపడం ఎక్కువ నేర్పారు. పిడికిలి ఎదుటివాళ్ళ ముఖానికి బెత్తెడు దూరంలో ఆగాలి. ఆగకపోతే గచ్చు చుట్టూ పది చుట్లు. "కొట్టుడు ఎవనికైన వస్తది. ఆపుడు రావాలె," అంటూ తన అరచేతిని మా ముఖానికి అడ్డం పెట్టేవారు. మా దెబ్బ ఆగకపోతే ఆ అరచేతికే తగిలేది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన మా సర్కారు బడికి వచ్చారు. ఆటోల్లో, బస్సుల్లో ఆడపిల్లలను సతాయిస్తున్నారని మా హెడ్మాస్టర్ చెబితే, నాలుగు నెలలు ఊరికే నేర్పారు. ఆ తర్వాత నలుగురిని ఏరి ఫంక్షన్ హాల్ క్లాసుకు రమ్మన్నారు. నేనూ మంజులా ఆ నలుగురిలో ఉన్నాం.

మంజులది కొత్వాల్‌గూడ. వాళ్ళ నాయిన శంషాబాద్ హోటళ్ళకు పాలు పోసేవాడు. రెండు క్యాన్ల మధ్య ఇరికించి కూర్చోబెట్టుకుని ఆమెను క్లాసు దగ్గర దించిపోయేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేది. పోలీసు అవుతానని చెప్పుకునేది. దెబ్బ వేసినా నవ్వేది, దెబ్బ తిన్నా నవ్వేది. "నవ్వకే, ఊపిరి పోతది," అని సార్ కసిరితే ఇంకా నవ్వేది. నేను బరువుగా ఉండేదాన్ని. కోపం ఎక్కువ. నా కాలికి బలం ఉందని సార్ అనేవారు. ఆ బలం ఉన్న కాలు మంజులకు ఒక్కసారీ తగిలేది కాదు. ఆమె అప్పటికే పక్కకు జరిగి ఉండేది.

మేము పదో తరగతిలోకి వచ్చిన ఏడు జిల్లా పోటీలకు ఎంపికలు పెట్టారు. సోమవారం ఎంపిక అనగా, అంతకు ముందు శుక్రవారం వెనక్కి పడడం అభ్యాసం చేస్తున్నాం. మంజుల తల చాప దాటి గచ్చుకు తగిలింది. సార్ అటు చివర చిన్నపిల్లలకు నిలబడడం నేర్పుతున్నారు, చూడలేదు. ఆమె తల రుద్దుకుని లేచి నవ్వింది.

శనివారం బడిలో ఆమె అన్నం తినలేదు. వెలుతురు చూస్తే కండ్లు గుంజుతున్నాయంది. మరుగుదొడ్ల వెనక్కి పోయి కక్కుకుంది. నేను నీళ్ళు తెచ్చి నోరు కడిగించాను.

"సార్‌కు చెప్తనే," అన్నాను.

"నీకు దండం పెడ్త, చెప్పకు. చెప్తే సోమవారం పంపడు. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను.

ఆదివారం పొద్దున ఆఖరి అభ్యాసం. మంజులకు ఎదురుగా నన్ను నిలబెట్టారు. తలకు పెట్టుకునే మెత్తటి టోపీలు క్లాసుకంతా రెండే ఉండేవి, మేమిద్దరం పెట్టుకున్నాం. సార్ మా మధ్యకు వచ్చి, "తయారేనా?" అన్నారు. ఇద్దరం తలలు ఊపాం. "మొదలు," అన్నారు.

ఎంతోసేపు కాలేదు. నా కుడికాలు ఆమె చెవి పక్కన తగిలింది. గట్టిగా తగలలేదు. అంతకన్నా గట్టి దెబ్బలు మేము రోజూ తినేవాళ్ళం. సార్ వెంటనే ఆపమన్నారు. మంజుల నిలబడే ఉంది. చివరికి నీ కాలు తగిలిందే అన్నట్టు నావైపు వేలు చూపించి నవ్వింది. నీళ్ళు తాగుతానని మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నచోటనే పక్కకు ఒరిగిపోయింది.

సార్ ఆమెను భుజాన వేసుకుని వట్టికాళ్ళతో హైవే మీదికి ఉరికారు. లారీలకు అడ్డంగా నిలబడి ఒక కారును ఆపారు. కారు తలుపు వేశాక ఆమె చెప్పులు నా చేతిలో ఉన్నాయని చూసుకున్నాను.

తలకు ఆపరేషన్ చేశారు. నెలన్నర తర్వాత ఇంటికి తెచ్చారు. మాట పోయింది. నడక పోయింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడుచుకుపోయి ఛాతీకి అంటుకుంది. మనుషులను గుర్తు పడుతుంది, ఏడుస్తుంది. ఆమెకు ఏది ఎంత తెలుస్తుందో పద్నాలుగేళ్ళుగా ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ అయిన మరునాడు దవాఖాన వరండాలో మంజుల నాయిన సార్‌ను కొట్టాడు. చెంప మీద, మళ్ళీ చెంప మీద, తర్వాత రెండు చేతులతో ఛాతీ మీద. ఏ దెబ్బనైనా చూడకుండానే ఆపగలిగిన మనిషి, చేతులు రెండూ తొడలకు ఆనించుకుని నిలబడ్డారు.

"ఎవతె తన్నింది నా బిడ్డను? దాని పేరు చెప్పు!"

నేను మా అమ్మ వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. నేను మంజుల దోస్తునని వాళ్ళ నాయినకు తెలుసు. తన్నింది నేనని తెలియదు.

"నిలబెట్టింది నేను. మొదలు అన్నది నేను. నా జిమ్మేదారి అన్నా," అన్నారు సార్. "దీంట్ల ఇంకెవ్వరి పేరు లేదు."

పోలీసులు వచ్చి అడిగినా అంతే చెప్పారు. కేసు పెడితే బిడ్డ లేస్తదా అని మంజుల నాయినే వద్దన్నాడు. సార్ క్లాసు మూసేశారు. రెండు టోపీలనూ చాపలనూ ఎవరికో ఇచ్చేశారు.

నేను మంజులను చూడడానికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఆమె నన్ను చూసి నోరు తెరిచి ఏదో శబ్దం చేసింది. నవ్వో ఏడుపో తెలియలేదు. మూడోసారి వెళ్ళలేదు.

సార్ వెళ్ళారు. ఆయన ఎలా వెళ్ళారో, ఏం చేశారో నాకు అప్పుడు తెలియదు. సార్ పోయాక మంజుల అమ్మ చెప్పింది. ఆమెను నేను చిన్నమ్మా అంటాను. మంజుల దవాఖానలో ఉన్నన్నాళ్ళూ సార్ వ్యాయామం చేయించే డాక్టరమ్మ పక్కన నిలబడి, ఏ కీలును ఎంత వంచాలి, ఎక్కడ ఆపాలి అని చూసి చూసి నేర్చుకున్నారట. ఇంటికి తెచ్చాక బుధవారం, ఆదివారం కొత్వాల్‌గూడ వెళ్ళేవారు. మంజుల నాయిన గడప తొక్కనివ్వలేదు. గేటు బయట బండరాయి మీద గంటసేపు కూర్చుని లేచి పోయేవారట. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. ఒకరోజు చిన్నమ్మ ఒక్కతే మంజులను మంచం మీద పక్కకు తిప్పబోయి, ఇద్దరూ కింద పడ్డారు. నాయిన బర్రెల దగ్గర ఉన్నాడు, వినబడలేదు. ఆమె కేకకు సార్ గేటు తోసుకుని లోపలికి వచ్చారు. తడిసిన బట్టలతోనే మంజులను ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ రోజు నుంచి ఎవరూ ఆపలేదు. ఆయన వచ్చే వేళకు మంజుల నాయిన లేచి బయటికి పోయేవాడు. తను చనిపోయేదాకా సార్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. సార్ కూడా ఆయన మాట్లాడాలని ఎదురుచూసినట్టు కనబడలేదని చిన్నమ్మ అన్నది.

నూనె వెచ్చచేసి భుజం నుంచి మొదలుపెట్టి వేళ్ళదాకా వచ్చేవారు. క్లాసులో మాకు లెక్కబెట్టినట్టే జపాను అంకెలు లెక్కబెడుతూ వంచి చాచేవారు. ఆ అంకెలు వింటే మంజుల పెదవి కదిలేదట. పద్నాలుగేళ్ళలో ఆ చెయ్యి కాస్త విప్పుకుంది. ఛాతీకి అంటుకున్నది బెత్తెడు దూరం వచ్చింది. అంతే. అంతకన్నా రాదని డాక్టరమ్మ మొదటి ఏడే చెప్పిందట. సార్‌కు ఆ సంగతి తెలుసు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ క్లాసు మొదలుపెట్టారు. ఎందుకో నాకు చెప్పలేదు. తొండుపల్లి పిల్లలు ఇంటి ముందుకు వచ్చి అడిగితే కాదనలేకపోయారని సార్ భార్య అన్నది. అదే ఫంక్షన్ హాల్, అదే గచ్చు. కాని ఎవరినీ ఎవరికీ ఎదురుగా నిలబెట్టలేదు. పోటీలు లేవు. పరుగు, పడడం, లేవడం, ఒంటరిగా చేసే వరసలు. నేను ఇంటర్ అయ్యాక వెళ్ళి, సాయం చేస్తానన్నాను. ఆయన ఏమీ అడగలేదు. చీపురు నా చేతికి ఇచ్చారు.

క్లాసు మొదలయ్యే ముందు ఆయన ఒక్కో పిల్ల ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని అడిగేవారు. అందరిలో కాదు, చెవి దగ్గర. నేను పక్కనే ఉండేదాన్ని కనుక వినబడేది.

"తల నొస్తుందా? నిన్న ఏడన్న పడ్డవా? కక్కినవా? ఎవరికి చెప్పొద్దనుకున్న మాట ఏదన్న ఉందా బిడ్డా?"

ఆ ఆఖరి మాట దగ్గర నేను పక్కకు తిరిగేదాన్ని. పన్నెండేళ్ళు ఆ మాట వింటూనే ఉన్నాను. మధ్యలో నాకు ఉద్యోగం వచ్చింది, విమానాల్లోకి వెళ్ళే భోజనాలు సర్దే వంటశాలలో. షిఫ్టు మార్పించుకుని వారానికి మూడు పొద్దులు క్లాసుకు వెళ్ళేదాన్ని. ఎన్నిసార్లు వెళ్ళినా చెప్పలేదు.

ఒకే ఒక్కసారి ఆయన, "బుధవారం నాతోని కొత్వాల్‌గూడ వస్తవా?" అని అడిగారు. "షిఫ్ట్ ఉంది సార్," అన్నాను. ఆ బుధవారం నాకు షిఫ్టు లేదు. మళ్ళీ అడగలేదు.

పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. "సార్, వేరేకాడ ఆర్నెల్లకే బెల్టు ఇస్తుండ్రు, పోటీలకు తోల్కపోతుండ్రు. మెడల్ లేకుంటే ఎందుకు సార్?" అని ఒక తండ్రి నా ముందే అడిగాడు. సార్, "మీ బిడ్డను తోల్కపోండ్రి అన్నా, తప్పు లేదు," అన్నారు. నలభై మంది ఉండేవాళ్ళు పాతిక అయ్యారు, ఆఖరికి తొమ్మిది మంది. నాకు బాధేసి ఏదో అన్నాను. "నలభైమందినంటే కష్టం, తొమ్మిదిమందిని అడుగుడు అల్కనే గదా," అన్నారు.

చక్కెర వ్యాధి ఆయనకు ముందు నుంచీ ఉంది. కిడ్నీలు చెడిపోయాయని నిరుడు తెలిసింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. సోమవారం, గురువారం చేయమని ఆయనే అడిగి పెట్టించుకున్నారు. బుధవారం, ఆదివారం ఖాళీగా ఉండాలని. సూదులు ఎక్కించే ఎడమచేత్తో ఏ బరువూ ఎత్తవద్దని డాక్టర్లు చెప్పారు. మంజులను కుడిచేత్తో, భుజంతో ఎత్తడం మొదలుపెట్టారు. డయాలసిస్ అయిన మరునాడు ఆయనకు నిలబడే శక్తి ఉండదు. ఆ రోజు పడుకుని, బుధవారం, ఆదివారం మాత్రం బండి మీద పోయేవారు. దారిలో ఆగి, కాసేపు కూర్చుని, మళ్ళీ పోయేవారట.

పోయిన నెల ఒక గురువారం సార్ భార్యకు జ్వరం వస్తే తోడుగా నేను వెళ్ళాను. నాలుగు గంటలు పడుతుంది. గొట్టంలో ఆయన రక్తం బయటికి వచ్చి, యంత్రంలో తిరిగి, మళ్ళీ లోపలికి పోతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. కళ్ళు తెరిచి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు.

"సార్, మంజులకు అంతకు ముందే తలకు దెబ్బ తగిలింది. శుక్రవారం. శనివారం బడిల కక్కింది. నాకు తెల్సు. చెప్పొద్దన్నది. నేను చెప్పలే."

కళ్ళు తెరవలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"ముందుగాల ఒక దెబ్బ ఉందని పెద్ద డాక్టర్ అప్పుడే చెప్పిండు," అన్నారు. "ఒక్క దెబ్బకు గిట్ల కాదన్నడు. పిల్లలల్ల ఎవరికో తెల్సే ఉంటదనుకున్న."

"మరి అడగలేదేంది సార్?"

"అడగాల్సిన నాడు అడగలే. ఆ పొద్దు నేను అడిగిందేంది? తయారేనా అన్న. గంతే. తల నొస్తుందా అని అడిగుంటే మీ ఇద్దరిల ఎవరన్న చెప్తుంటిరేమో. ఇగ అంత అయినంక అడుగుడంటే, నా తప్పు తీస్కపోయి ఒక పిల్ల నెత్తిన పెట్టుడే."

"నేను చెప్పుంటే..."

"పదిహేనేండ్ల పిల్లలు దాస్తరు బిడ్డా. దాస్తరని తెల్సి అడిగేటోడే సార్. నేను గా పొద్దు సార్‌ను కాకపోతి."

నేను ఏడుస్తుంటే పక్క మంచం ఆవిడ లేచి చూసింది. సార్ ఊరుకొమ్మనలేదు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "చెప్పినంక బరువు దిగిందా?" అని అడిగారు.

"లేదు సార్."

"నాది గూడ దిగలే," అన్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఆ రోజు కూడా సగమే చెప్పాను. ఒట్టు కోసమే నోరు మూసుకున్నానని ఆయన అనుకున్నారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కాని శనివారం ఆమె కక్కుకుంటుంటే వీపు నిమురుతూ నేను అనుకున్నది వేరే ఉంది. రేపు దీని ఒంట్లో బాగుండదు, రేపైనా నా కాలు దీనికి తగులుతుంది అనుకున్నాను. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సార్‌కు చెప్పవలసింది. మళ్ళీ గురువారం చెబుదామనుకున్నాను. ఆ గురువారం సార్ భార్యే తోడు వెళ్ళింది. ఆ తర్వాత వచ్చింది మంగళవారం ఫోను.

నేను వెళ్ళేసరికి సార్‌ను ఇంటి ముందు పడుకోబెట్టారు. జనం ఎక్కువ లేరు. గోదాములో ఆయనతో పనిచేసిన నలుగురు, ఇరుగుపొరుగు, తెల్ల బట్టలు వేసుకుని వచ్చిన క్లాసు పిల్లలు. ఎండ ముదిరాక ఆటో దిగి చిన్నమ్మ వచ్చింది. మంజులను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చిందట. సార్ పక్కన కూలబడి ఆయన కుడిచేతిని పట్టుకుంది.

"ఇగ నా బిడ్డను ఎవరు లేపాలె సారూ! నేను పోతే ఎవరు చూడాలె! నువ్వున్నవని నిమ్మలంగుంటి. నేను ముందుగాల పోతననుకుంటి!"

అప్పటిదాకా ఏడవని సార్ భార్య చిన్నమ్మను పట్టుకుని ఏడ్చింది. అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ మేమున్నాం అనలేదు. నేనూ అనలేదు.

పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగారు. "నువ్వు చెప్పమ్మా క్లాసు, సార్ దగ్గర గిన్నేండ్లు ఉన్నవు." సరేనన్నాను. శనివారం పొద్దున వెళ్ళి గచ్చు ఊడ్చాను. వట్టికాళ్ళతో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను. తొమ్మిదిమందీ వరసగా నిలబడ్డారు. ఒక్కో పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సార్ అడిగినవన్నీ అడిగాను. అందరూ లేదక్కా, లేదక్కా అన్నారు. ఏడేళ్ళ పిల్ల ఒకతె నా కళ్ళలోకి సూటిగా చూసి, తల గట్టిగా అడ్డంగా ఊపింది. నేను కూడా ఒకప్పుడు అలాగే సూటిగా చూసి తల ఊపాను. ఆ పిల్ల నిజం చెబుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? సార్ రోజూ ఎలా తేల్చుకున్నారో, తేల్చుకోలేకనే క్లాసు అయ్యేదాకా వాళ్ళ మీద నుంచి చూపు తిప్పేవారు కాదో, నాకు తెలియదు. ముందుకు వచ్చి నిలబడ్డాను. "మొదలు" అన్న మాట నోట్లోంచి రాలేదు. పిల్లలు చాలాసేపు కదలకుండా నిలబడ్డారు.

"ఇయ్యాల ఇంటికి పోండ్రి," అన్నాను.

"రేపు రావాల్నా అక్కా?"

"వద్దు."

హాల్ మేనేజర్‌కు ఇక రామని చెప్పి వచ్చేశాను.

తర్వాతి బుధవారం కొత్వాల్‌గూడ వెళ్ళాను. పద్నాలుగేళ్ళ తర్వాత. రేకుల నీడలో చక్రాల కుర్చీలో మంజుల కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. ముఖం ఉబ్బింది. కళ్ళు మాత్రం అవే. నన్ను చూసి, నా భుజం మీదుగా వెనక గేటు వైపు చూసింది.

"మంజులా, నేనే," అన్నాను. ఆమె గేటునే చూస్తోంది.

"సార్ పోయిండని రెండుసార్లు చెప్పిన," అన్నది చిన్నమ్మ. "వింటది. మళ్ళ గేటు దిక్కే చూస్తది. ఆదివారం గూడ గిట్లనే. ఇయ్యాల బుధారమని దానికి ఎట్ల తెలుస్తదో."

నూనె వెచ్చచేసి ఇచ్చింది. ఎక్కడ పట్టాలో, ఎక్కడ ఆపాలో తనకు తెలిసినంత చెప్పింది. భుజం నుంచి మొదలుపెట్టాను. మోచేతి దగ్గర ఆ చెయ్యి కట్టెలా బిగుసుకుంది. నేను చాపబోయినకొద్దీ లోపలికి గుంజుకుంది. మంజుల ముఖం వంకరపోయింది, గొంతులోంచి సన్నగా శబ్దం వచ్చింది. "పైలం బిడ్డా, వద్దు, ఇడ్సిపెట్టు," అన్నది చిన్నమ్మ. వదిలేశాను. నూనె చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే కూర్చున్నాను. నేను మళ్ళీ వస్తానా అని చిన్నమ్మ అడగలేదు. వస్తానని చెబుదామనుకున్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను.

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. తలల మీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. మంజుల వాటిని చూడలేదు. రోడ్డు మీద బండి చప్పుడైతే మాత్రం తల అటు తిప్పేది. కూరగాయల బండి పోయింది. గ్యాస్ సిలిండర్ల ఆటో పోయింది. పార్సిళ్ళు ఇచ్చే అతను పక్కింటి ముందు ఆగి, పోయాడు. గాలి చల్లబడ్డాక చిన్నమ్మ కుర్చీని ఇంట్లోకి తిప్పబోయింది. మంజుల ఎడమచేత్తో చక్రాన్ని పట్టుకుంది. పాణం ఉన్న చెయ్యి అదొక్కటే, దాని పట్టు విడిపించడం మా ఇద్దరికీ చాతకాలేదు. కుర్చీకి అటు చిన్నమ్మ, ఇటు నేను నిలబడిపోయాం. ఎక్కడో మలుపు దగ్గర ఇంకో బండి వస్తున్న చప్పుడు వినిపించింది. మంజుల మెడ ముందుకు చాచింది.